శరణార్థి పిల్లల్లోని ప్రతిభ మన బడికి ఎందుకు కనిపించడం లేదు?

శరణార్థి పిల్లల చదువు గురించి మనం మాట్లాడుకునేటప్పుడు ఆ మాట బడిలో చేర్చుకుంటారా లేదా అన్న దగ్గర మొదలై, చేర్చుకున్నారన్న దగ్గర ముగిసిపోతుంది. చేర్చుకోవడం పెద్ద విషయమే. దానికోసం కోర్టుల దాకా వెళ్లవలసి వస్తున్న కాలమిది. అయితే ఏ బడిని తీసుకున్నా అందులో మిగతావారి కంటే చాలా వేగంగా గ్రహించేవారు, ఒకసారి చూపితే రెండోసారి అడగనివారు, మనం వేయని ప్రశ్న దాకా తమంతట తాము వెళ్లేవారు కొందరు ఉంటారన్నది ఉపాధ్యాయులుగా పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతి. శరణార్థి పిల్లల విషయంలో మాత్రం ఈ సంగతి మనకు గుర్తు రాదు. వారిని చూసి జాలిపడతాం, వెనకబడ్డవారనుకుంటాం, చేతనైతే నోటు పుస్తకాలు కొనిపెడతాం. వారిలో ఒకరు తరగతి మొత్తానికీ ముందుండగలవారేమో అని పరీక్షించి చూడం. నేను చెప్పదలచుకున్నదంతా ఆ పరీక్షించి చూడడం గురించే.

నేను హైదరాబాద్ దక్షిణ శివారులోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో గణితం బోధించి రిటైరయ్యాను. ఆ తర్వాత బాలాపూర్ వైపు రోహింగ్యా కుటుంబాలుండే బస్తీల్లో ఆదివారాలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఈ కుటుంబాలు మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి వచ్చినవి. అక్కడి 1982 పౌరసత్వ చట్టం వారిని దేశం లేనివారిగా మిగిల్చింది. 2012లో జరిగిన హింస తర్వాత కొందరు, 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయిన కాలంలో మరికొందరు, దారిలో ఎన్నో మజిలీలు చేసి హైదరాబాద్ చేరారు. బాలాపూర్, షాహీన్‌నగర్, పహాడీషరీఫ్, బార్కస్ ప్రాంతాల్లో అద్దె స్థలాల్లో వేసుకున్న గుడిసెల్లోనూ ఇరుకు గదుల్లోనూ కొన్ని వేల మంది ఉన్నారు. తండ్రులు చిత్తు కాగితాలు, ఇనుప తుక్కు ఏరి కాంటాకు వేస్తారు, లేదా అడ్డా కూలికి పోతారు. చేతిలో ఉండేది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు. అందరూ దాన్ని యూఎన్ కార్డు అంటారు. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై మన దేశం సంతకం చేయలేదు కనుక ఆ కార్డుకు మన కార్యాలయాల్లో ఉన్న విలువ ఎదుటి అధికారిని బట్టి మారుతూ ఉంటుంది.

చట్టం విషయంలో మాత్రం అంత అస్పష్టత లేదు. మన రాజ్యాంగంలోని 21ఎ అధికరణం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరి గురించీ మాట్లాడుతుంది. పౌరుల పిల్లలు అనే మాట అందులో లేదు. 2009 విద్యాహక్కు చట్టం వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ఏ బిడ్డనూ తిప్పి పంపకూడదని చెబుతుంది. ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల ప్రవేశాల మీద వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో, ఆ పిల్లలు ముందుగా ప్రభుత్వ పాఠశాలలకు దరఖాస్తు చేసుకోవాలనీ, అర్హత ఉండీ చేర్చుకోకపోతే హైకోర్టును ఆశ్రయించవచ్చనీ చెప్పింది. 1992లో మనం ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక ఇంకో అడుగు ముందుకు వేసి, పిల్లల ప్రతిభాపాటవాలను వీలైనంత పూర్తిగా వికసింపజేయడం చదువు లక్ష్యమని 29వ అధికరణంలో పేర్కొంది. ఈ చివరి మాటను శరణార్థి పిల్లలకు అన్వయించి చదివినవారు నాకు చాలా అరుదుగా కనిపించారు.

ఇక తరగతి గదిలోకి వద్దాం. విద్యాహక్కు చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రకారం బడి ముఖం చూడని పదకొండేళ్ల పిల్లవాణ్ణి అతని వయసుకు తగిన తరగతిలోనే చేర్చాలి. తోటివారిని అందుకోవడానికి కనీసం మూడు నెలలు, అవసరమైతే రెండేళ్ల దాకా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఉద్దేశం మంచిదే. కానీ ప్రత్యేక శిక్షణ ఇచ్చే మనిషి లేని బడిలో జరిగేది వేరు. పిల్లవాడు ఆరో తరగతిలో చివరి వరుసలో కూర్చుంటాడు. ఇంట్లో మాట్లాడేది రోహింగ్యా భాష, వీధిలో నేర్చింది దక్కనీ ఉర్దూ, పాఠ్యపుస్తకం ఇంగ్లిష్ లేదా ఉర్దూ మాధ్యమం, దాని పక్కన తెలంగాణ 2018 చట్టం ప్రకారం తప్పనిసరిగా చదవవలసిన తెలుగు. పరీక్షలో వచ్చిన మార్కులు చూసి అతను చదువులో వెనకబడ్డాడని రిజిస్టరులో రాస్తారు. ఆ మార్కులు అతని తెలివి గురించి దాదాపుగా ఏమీ చెప్పవు. అతను ఆ భాషలోకి ఎప్పుడు వచ్చాడో మాత్రమే చెబుతాయి.

టొరంటోలో పనిచేసిన భాషా విద్యా పండితుడు జిమ్ కమిన్స్ వలస పిల్లల మీద చేసిన పరిశోధన ఈ సందర్భంలో ప్రతి ఉపాధ్యాయుడికీ తెలియాలి. కొత్త భాషలో ఆటపాటలకూ కబుర్లకూ సరిపడా మాట రెండేళ్లలో వస్తుంది. పాఠం చదివి, ప్రశ్న అర్థం చేసుకుని, కారణాలతో జవాబు రాయగలిగిన భాష రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న కాలమే చురుకైన శరణార్థి పిల్లలకు అన్నింటికంటే ప్రమాదకరమైనది. ఉర్దూ గలగలా మాట్లాడుతున్నాడు కనుక భాష సమస్య తీరిపోయిందని ఉపాధ్యాయుడు అనుకుంటాడు, అయినా మార్కులు రావడం లేదు కనుక తెలివి తక్కువని తేల్చేస్తాడు. పదకొండేళ్లకు బడిలో చేరిన పిల్లవాడి విషయంలో ఐదేళ్లంటే పదో తరగతి పరీక్ష; అంటే బడి అతణ్ణి గుర్తించగలిగే స్థితికి వచ్చేసరికి బడి గడువే అయిపోతుంది. చాలామంది అంతవరకూ ఉండరు. ఏడో తరగతి దాటేసరికి మగపిల్లలు తుక్కు దుకాణంలోకో హోటల్ పనిలోకో వెళతారు.

బస్తీలో నేను ఎక్కువగా గమనించే విషయం ఒకటుంది. తండ్రితో పాటు కాంటా దగ్గరికి వెళ్లే పిల్లలు అక్కడ చేసే లెక్కలు బడిలో మనం నేర్పే వాటికంటే తేలికైనవి కావు. అట్టకు ఒక ధర, పాల కవర్లకు ఒక ధర, ఇనుముకు ఒక ధర, తడిసిన కాగితానికి కొంత తగ్గింపు. మూడుంబావు కిలోల అట్ట తీసేసి మూడుముప్పావు కిలోల ప్లాస్టిక్ కిలో పద్నాలుగు చొప్పున ఎంతవుతుందో కాగితం లేకుండా చెప్పిన పదేళ్ల అమ్మాయి, పలక మీద 3.75 ఇంటు 14 అని రాసి ఇస్తే చేయలేకపోయింది. మూడు పద్నాలుగులు నలభై రెండు, పద్నాలుగులో సగం ఏడు, అందులో సగం మూడున్నర, మొత్తం యాభై రెండున్నర అని ఆమె దారి. భిన్నాన్ని సగాలుగా విడదీసి పంచడమన్నది మేం ఆరో తరగతిలో చాలా కష్టపడి నేర్పే భావన. ఆమె దాన్ని తనంతట తాను కనిపెట్టుకుంది. బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో వీధుల్లో కొబ్బరికాయలూ పండ్లూ అమ్మే పిల్లల మీద 1985లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఇదే విషయాన్ని అంకెలతో చూపింది. బేరం మధ్యలో అడిగినప్పుడు ఆ పిల్లలు 98 శాతం లెక్కలు సరిగా చేశారు. అవే లెక్కలను కాగితం మీద బడి పద్ధతిలో ఇచ్చినప్పుడు 37 శాతం మాత్రమే చేయగలిగారు. రెండు చోట్లా పిల్లలు ఒకరే. పరీక్ష పెట్టిన తీరే వేరు.

ప్రతిభకు మరో గుర్తు ఉంది. దాన్ని బడి తప్పుగా లెక్కిస్తుంది. కుటుంబంలో అందరికంటే ముందు భాష పట్టుకున్న పిల్లే ఇంటికి దుబాసీ అవుతుంది. తల్లి ప్రసూతి ఆసుపత్రికి వెళితే ఈమె వెళ్లాలి, ఇంటి యజమాని వస్తే ఈమె మాట్లాడాలి, కార్డు గడువు పొడిగింపుకు వెళ్లినా, పోలీసు విచారణకు పిలిచినా ఈమే తోడుండాలి. రెండు భాషల మధ్య, పెద్దవాళ్ల ప్రపంచంలో, ఎదుటివారి స్వరాన్ని బట్టి ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో క్షణంలో తేల్చుకోవడం ఎంత పెద్ద బుద్ధిపనో ఆలోచించండి. హాజరుపట్టీలో మాత్రం అది గైర్హాజరుగా నమోదవుతుంది. హాజరు తక్కువ ఉన్న పిల్లను ఏ ప్రతిభా పరీక్షకూ పంపరు. నా మాట వినే ఉపాధ్యాయులకు నేను చెప్పేదేమిటంటే, శరణార్థి పిల్లల్లో ఎవరు ఇంటికి దుబాసీగా ఉన్నారో ముందు అడిగి తెలుసుకోండి. మీ వెతుకులాటకు అంతకంటే మంచి మొదలు దొరకదు.

ఉపాధ్యాయుడి అంచనా మీదే ఆధారపడితే ఏం జరుగుతుందో అమెరికాలోని ఒక పెద్ద ఉదాహరణ చెబుతుంది. ఫ్లోరిడా రాష్ట్రంలోని బ్రోవార్డ్ కౌంటీలో వలస కుటుంబాలు చాలా ఎక్కువ. అక్కడ చాలాకాలం ఉపాధ్యాయులో తల్లిదండ్రులో పేరు సూచించిన పిల్లలకే ప్రతిభా పరీక్ష పెట్టేవారు. 2005-06లో ఆ పద్ధతి మార్చి, రెండో తరగతి పిల్లలందరికీ మాటలతో పని లేని, బొమ్మలతోనే నడిచే ఒక చిన్న పరీక్ష పెట్టి, అందులో బాగా చేసినవారిని పూర్తి పరీక్షకు పంపారు. డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఆర్థికవేత్తలు దాని ఫలితాలను పరిశీలించారు. పేద కుటుంబాల పిల్లల్లో ప్రతిభావంతులుగా ఎంపికైనవారి రేటు 180 శాతం పెరిగింది. కొత్తగా ఎంపికైన ఈ పిల్లలు ప్రమాణం తగ్గించి తీసుకున్నవారు కారు. అంతకుముందూ అదే బడిలో కూర్చున్నవారే, వారి పేరు ఎవరూ చెప్పలేదు, అంతే. బడ్జెట్ కోతల వల్ల ఆ పరీక్షను ఆపేసినప్పుడు ఎంపికలు మళ్లీ పాత స్థితికి దిగిపోయాయి. అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు ఈ గిఫ్టెడ్ ప్రోగ్రాములు, అంటే ప్రతిభావంతుల ప్రత్యేక తరగతులు, బాగా తెలుసు. పరీక్ష ఏ తరగతిలో ఉంటుందో, ఎలా సిద్ధం చేయాలో తల్లిదండ్రులు ఒకరికొకరు చెప్పుకుంటారు, ముందునుంచే అభ్యాసం చేయిస్తారు. అలాంటి సమాచారం చెప్పేవారు లేని తల్లిదండ్రుల బిడ్డకు, అందరికీ పెట్టే పరీక్ష తప్ప వేరే దారి లేదు.

అయితే బొమ్మల పరీక్ష ఒక్కటే సరిపోతుందని నేను అనను. పెన్సిలు పట్టుకోవడమే కొత్తయిన బిడ్డకు, వరుసగా ఉన్న నాలుగు గడుల్లో ఒకటి ఖాళీగా ఉంటే దాన్ని నింపాలన్న ఆట నియమమే కొత్త. ఇక్కడ రూవెన్ ఫాయర్‌స్టీన్ పద్ధతి నాకు అన్నింటికంటే నచ్చింది. రొమేనియాలో పుట్టిన ఈ మనస్తత్వవేత్త రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇజ్రాయెల్‌కు చేరిన పిల్లలతో పనిచేశారు. నాజీల మారణహోమం నుంచి బతికి బయటపడ్డవారు, మొరాకో వంటి ఉత్తర ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవారు అందులో ఉన్నారు. మామూలు తెలివితేటల పరీక్షల్లో వారిలో చాలామందికి మందబుద్ధుల స్థాయి మార్కులు వచ్చాయి. ఆయన ఆ మార్కులను అంగీకరించకుండా, పరీక్ష మధ్యలోనే పిల్లవాడికి నేర్పి, నేర్పిన తర్వాత ఎంత మారాడో కొలిచే పద్ధతిని తయారు చేశారు. బిడ్డకు ఈరోజు ఏమి వచ్చునన్నది గతంలో ఆమెకు దక్కిన అవకాశాల లెక్క. చూపించిన తర్వాత ఎంత వేగంగా అందుకుంటుందన్నదే ఆమె శక్తి.

మన బడిలో దీనికి ఖర్చేమీ లేదు. జాతీయ ఉపకార వేతనాల కోసం ఎనిమిదో తరగతి పిల్లలు రాసే ఎన్ఎంఎంఎస్ పరీక్షలో మానసిక సామర్థ్య పత్రం 90 ప్రశ్నలతో ఉంటుంది. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్షలోని 80 ప్రశ్నల్లో 40, వంద మార్కుల్లో 50, పూర్తిగా బొమ్మల ప్రశ్నలే. పాత ప్రశ్నపత్రాలు ప్రతి బడిలో కట్టలుగా ఉంటాయి. వాటిలోంచి ఆకారాల వరుసలు, అద్దంలో ప్రతిబింబాలు, భిన్నమైనదాన్ని గుర్తించడం లాంటివి ఓ ఇరవై ఎంచుకోండి. తరగతి మొత్తానికీ ఒకసారి పెట్టండి. మర్నాడు అదే రకం ప్రశ్నలు నాలుగైదు బల్ల మీద గింజలతోనో అగ్గిపుల్లలతోనో చేసి చూపి, పిల్లలను వారికి వచ్చిన భాషలో మాట్లాడుకోనిచ్చి, వారం తర్వాత కొత్త ఇరవై పెట్టండి. మొదటిసారి నాలుగు చేసి రెండోసారి పదిహేను చేసిన బిడ్డ ఎవరో చూడండి. నేను ఆదివారం తరగతిలో చేసేది ఇదే. మొదటి పత్రంలో ముందున్నవారూ రెండో పత్రంలో ఎక్కువగా ఎగసినవారూ ఎప్పుడూ ఒకరే కారు, నా ధ్యాసంతా ఆ రెండో రకం పిల్లల మీదే.

గుర్తించాక ఏం చేయాలన్నది ఇంతకంటే చిక్కు ప్రశ్న. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ వాల్టర్ కోన్ జీవితం. వియన్నాలో 1923లో పుట్టిన యూదు బాలుడు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించాక అతణ్ణి బడి నుంచి వెళ్లగొట్టారు. 1939లో, సుమారు పదివేల మంది పిల్లలను బ్రిటన్‌కు తరలించిన కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ ద్వారా ఇంగ్లండ్ చేరాడు. తల్లిదండ్రులు వెనకే ఉండిపోయి ఆష్విట్జ్‌లో హతులయ్యారు. ససెక్స్‌లోని ఒక కౌంటీ పాఠశాలలో అతని ఇంగ్లిష్ బలహీనంగానే ఉన్నా, గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల మీద కేంద్రీకరించి చదవనిచ్చారు. 1940లో శత్రుదేశస్థుడన్న ముద్రతో నిర్బంధించి కెనడా శిబిరాలకు పంపారు. ఆ శిబిరాల్లో నిర్బంధంలో ఉన్న పండితులే పిల్లలకు బడి నడిపారు. కోన్ చెట్లు కొట్టి రోజుకు సంపాదించిన ఇరవై సెంట్లతో ఒక గణిత గ్రంథం, ఒక రసాయన భౌతికశాస్త్ర గ్రంథం కొనుక్కున్నాడు. శిబిరం నుంచే మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు ప్రవేశార్హత పరీక్షలు రాశాడు. విడుదలయ్యాక టొరంటో విశ్వవిద్యాలయంలో చేరబోతే, అతని జాతీయత కారణంగా యుద్ధకాలంలో రసాయనశాస్త్ర భవనంలోకి అనుమతించలేదు. గణిత విభాగపు డీన్ శామ్యూల్ బీటీ అతనికి గణిత, భౌతిక శాస్త్రాల్లో చోటు ఇప్పించారు. 1998లో ఆయనకు వచ్చిన నోబెల్ బహుమతి రసాయనశాస్త్రంలోనే.

ఈ కథను స్ఫూర్తి కోసం కాక, అందులోని ఏర్పాట్ల కోసం చదవాలని నా మనవి. భాష వచ్చేదాకా ఆగకుండా బలమున్న సబ్జెక్టులో ముందుకు వెళ్లనిచ్చిన బడి ఒకటి. నిర్బంధంలోనే చదువు చెప్పిన పెద్దలు. కాగితాలు సరిగా లేకున్నా శిబిరంలో కూర్చుని రాయగలిగిన, బయట చెల్లుబాటయ్యే పరీక్ష. ఒక తలుపు మూసుకున్నప్పుడు తన అధికారంలో ఉన్న మరో తలుపు తెరిచిన ఒక డీన్. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా కోన్ ఎవరో మనకు తెలిసేది కాదు. బాలాపూర్ పిల్లకు వీటిలో ఎన్ని ఉన్నాయో లెక్క వేస్తే మన పని ఏమిటో తేలుతుంది.

మన పరిస్థితిలో అన్నింటికంటే కష్టమైనది మూడోది, అంటే చెల్లుబాటయ్యే పరీక్ష. ఎన్ఎంఎంఎస్‌లో నెగ్గితే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ప్రభుత్వ బడి పిల్లలకు ఇది పెద్ద ఆసరా. కానీ దానికి ఆదాయ ధ్రువపత్రం కావాలి, జాతీయ ఉపకార వేతనాల పోర్టల్‌లో ఆధార్ కావాలి. నవోదయకు నివాస పత్రం కావాలి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకైనా ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకైనా భారతీయ పౌరసత్వం ప్రాథమిక అర్హత. అంటే మన రాష్ట్రంలో పేద ప్రతిభావంతుల కోసం కట్టిన మెట్లలో ఒక్కటి కూడా ఈ పిల్లల కాలు మోపేలా లేదు. 2020 జాతీయ విద్యా విధానం ప్రత్యేక ప్రతిభ గల విద్యార్థులకు తోడ్పాటు గురించి మంచి మాటలు చెప్పింది; వాటిని ఆచరణలో పెట్టేటప్పుడు చట్టబద్ధంగా బడిలో చదువుతున్న ప్రతి బిడ్డనూ లెక్కలోకి తీసుకోవాలని కోరడం అత్యాశ కాదని నేను నమ్ముతున్నాను. ఉపకార వేతనం ఇవ్వలేకపోతే పోనివ్వండి, పరీక్ష రాయనిచ్చి మార్కుల పత్రం ఇవ్వండి. ఆ కాగితం ఒక్కటి ఉంటే బయటి సహాయ సంస్థల ముందు పెట్టడానికి ఆధారం ఉంటుంది.

ఈ చోటే ఒక హెచ్చరిక చేయాలి. పిల్ల చురుకైనదని తెలిశాక ఆశతోనో తొందరతోనో దళారుల ద్వారా ఆధార్ సంపాదించమని ఏ ఉపాధ్యాయుడూ తల్లిదండ్రులకు సలహా ఇవ్వకూడదు. అలాంటి కార్డులు పట్టుబడి కేసులు పెట్టిన ఘటనలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. తండ్రి జైలుకు వెళితే పిల్ల చదువు ఆ రోజే ఆగిపోతుంది.

చెల్లుబాటయ్యే దారులు కొన్ని ఉన్నాయి, అవి ఇరుకైనవే అయినా. జర్మనీ ప్రభుత్వ సాయంతో 1992లో మొదలైన డాఫీ ఉపకార వేతనం శరణార్థులకు తాము ఆశ్రయం పొందిన దేశంలోనే డిగ్రీ చదువుకోవడానికి తోడ్పడుతుంది. భారతదేశంలోని శరణార్థి విద్యార్థులకూ అది అందుతోంది. 2030 నాటికి శరణార్థి యువతలో 15 శాతం మంది ఉన్నత విద్యలో ఉండాలని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ లక్ష్యం పెట్టుకుంది. ఇప్పటికీ అది పదో వంతును కూడా దాటలేదు. మన దేశంలో డిగ్రీ పూర్తి చేసిన తొలి రోహింగ్యా మహిళగా పత్రికలు రాసిన తస్మీదా జోహార్ 2022లో ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి పట్టా పొందారు. రఖైన్‌లోని సిత్వే విశ్వవిద్యాలయంలో 2012 తర్వాత రోహింగ్యాలను చేర్చుకోవడమే మానేశారన్న సంగతి పక్కన పెట్టుకుని చూస్తే ఆ పట్టా విలువ తెలుస్తుంది. ఇలాంటి దారులన్నింటికీ పదో తరగతి, ఇంటర్ ఉత్తీర్ణతే మొదటి షరతు. కనుక తొమ్మిదో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా ఆ బిడ్డ బడిలో నిలిచి ఉండడమే ప్రతిభకు చేయగల అతిపెద్ద సాయం.

ఆడపిల్లల విషయంలో ఈ నాలుగేళ్లు మరీ గట్టివి. పద్నాలుగు, పదిహేనేళ్లకు పెళ్లి మాట వస్తుంది. భద్రత లేని బస్తీలో ఎదిగిన కూతురిని పెట్టుకున్న తల్లి భయాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. అయితే ఒక విషయం గమనించాను. "మీ అమ్మాయి బాగా చదువుతుంది" అని చెబితే తల్లులు తల ఊపి ఊరుకుంటారు. అదే అమ్మాయి రాసిన రెండు పత్రాలూ ముందు పెట్టి, ఇది మొదటి వారం చేసింది, ఇది రెండో వారం చేసింది, ఈ మధ్యలో తరగతిలో ఇంకెవ్వరూ ఇంత దూరం రాలేదు అని వారి భాష తెలిసిన మనిషి చేత చెప్పిస్తే, ప్రశ్నలు అడుగుతారు. ఏ చదువు, ఎంత దూరం, ఎవరు తీసుకెళ్లి తీసుకొస్తారు అని అడిగేంతవరకూ వచ్చిన తల్లి పెళ్లిని కనీసం ఒక ఏడాది వాయిదా వేయడానికి సిద్ధపడుతుంది.

మన పిల్లలకే దిక్కు లేదు, వీళ్ల కోసం ఇంత అవసరమా అని నన్ను అడిగేవారున్నారు. అడిగేవారిలో చెడ్డవారు తక్కువ. ప్రభుత్వ బడుల పరిస్థితి తెలిసి అడుగుతున్నవారే ఎక్కువ. వారికి నా సమాధానం తరగతి గది నుంచే వస్తుంది. అందరికీ పెట్టిన ఆ ఇరవై ప్రశ్నల్లో ఎగసి వచ్చేవారు రోహింగ్యా పిల్లలే కాదు. పాలమూరు నుంచి మేస్త్రీ పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు ఉంటారు, ఇటుక బట్టీల కోసం ఒడిశా నుంచి వచ్చి మధ్యలో బడి మారిన పిల్లలు ఉంటారు. భాష వల్లనో గైర్హాజరు వల్లనో వెనక వరుసకు చేరిన ప్రతి బిడ్డకూ ఈ పద్ధతి పనికి వస్తుంది. నేను చూసినంతవరకు, ఇలా తేలిన నలుగురైదుగురిని ఒకచోట కూర్చోబెట్టి, వారంలో రెండు పూటలు కాస్త బరువైన లెక్కలు ఇవ్వడమే మంచి ఏర్పాటు. శరణార్థి బిడ్డను ఒంటరిగా తీసి ప్రత్యేకంగా నిలబెడితే తోటివారి చూపు మారుతుంది. స్థానిక పిల్లలతో కలిపి కూర్చోబెడితే ఆమెకు తెలుగు కూడా ఆ బల్ల దగ్గరే వస్తుంది. బతికి వచ్చిన కథ చెప్పమని అడగకండి. కుటుంబ భారమంతా ఆమె మార్కుల మీదే ఉందన్న మాట ఆమె ఎదుట అనకండి; అది ఆమెకు ముందే తెలుసు.

చివరగా కాగితాల సంగతి. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ కాళింది కుంజ్‌లోని రోహింగ్యా బస్తీ అగ్నికి ఆహుతైనప్పుడు గుడిసెలతో పాటు యూఎన్ కార్డులూ కాలిపోయాయి. స్థలం ఖాళీ చేయమన్నా, పని కోసం వేరే ఊరికి వెళ్లినా ఈ పిల్లల చదువు చరిత్ర మొత్తం ఒక సంచిలో పోతుంది, ఆ సంచి పోతే కొత్త బడిలో మళ్లీ మొదటి నుంచి, మళ్లీ చివరి వరుస నుంచి మొదలవుతుంది. అందుకే నాకు తెలిసిన ప్రధానోపాధ్యాయులను నేను ఒకటే అడుగుతున్నాను. బోనఫైడ్, టీసీలతో పాటు ఒక్క పేజీ ఉత్తరం రాసి ఇవ్వండి. బిడ్డ ఏ నెలలో బడిలో చేరింది, అప్పటికి ఏ భాషలు వచ్చు, మొదటి పత్రంలో ఎన్ని, రెండో పత్రంలో ఎన్ని, గణితంలో ప్రస్తుతం ఏ తరగతి స్థాయి లెక్కలు చేస్తోంది, తర్వాతి బడి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అన్నది తేదీతో, సంతకంతో, ముద్రతో అందులో ఉండాలి. దాని ఫోటో తీసి బడి ఈమెయిల్‌లో ఒకటి, తండ్రి ఫోన్‌లో ఒకటి, తరగతి ఉపాధ్యాయుడి దగ్గర ఒకటి ఉంచండి. జూన్‌లో ప్రవేశాలు మొదలవుతాయి కనుక ఏప్రిల్ చివరి వారంలో, ఫలితాల పనితో పాటే, ఈ ఉత్తరాలు కూడా రాయించుకోవచ్చు. నమూనా ఉత్తరం తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ నేను తయారు చేసి పెట్టాను, కావలసిన ఉపాధ్యాయులు అడిగితే పంపుతాను.